సినిమా కోసం ఏడ్చిన ఏడుపు

నాకు చదువు రాదు. బస్సు ఏ ఊరికి పోతుందో బోర్డు చూసి చెప్పలేను, పక్కవాళ్లను అడుగుతాను. బ్యాంకులో నా పేరు గీయడం మాత్రం వచ్చు. ఇదంతా నేను చెబుతుంటే నా బిడ్డ రాస్తోంది. నా యాసను పుస్తకాల భాషలోకి దిద్దుతానంది. నా మాట ఎట్లా దిద్దినా దిద్దు, మనుషులు ఒకరితో ఒకరు అన్న మాటలు మాత్రం ముట్టుకోకు అన్నాను. మా ఆయన మాటలైతే అసలే ముట్టుకోవద్దన్నాను.

మాది లక్సెట్టిపేట దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊరు. మూడెకరాల పత్తి, ఎకరం వరి. ఊళ్లో ఎవరైనా చనిపోతే డప్పుల వాళ్ల కంటే ముందు నాకు కబురు వచ్చేది. శోకం పెట్టడంలో నాకు పేరుంది. పైసలకు కాదు, ఎవరూ ఇవ్వరు, నేనూ తీసుకోను. పోయి శవం పక్కన కూర్చుని నేను నోరు తెరిస్తే, అప్పటిదాకా బిగబట్టుకున్న వాళ్లందరికీ ఏడుపు వచ్చేది. నన్ను కన్న మా అవ్వ అట్లాగే ఏడ్చేది. ఆమె పక్కన కూర్చుని కూర్చుని నేనూ నేర్చుకున్నాను.

శోకానికి ఒక పద్ధతి ఉంటుంది. ముందు అత్తో, మామో అని వరుస పెట్టి పిలవాలి. తర్వాత ఆ మనిషి నిజంగా చేసిన పని ఒకటి చెప్పాలి. మంచివాడివి, ధర్మాత్ముడివి అంటే ఎవరి కంట్లోనూ నీళ్లు రావు. తెగిన చెప్పును నువ్వే కుట్టుకుంటివి గదా అంటే వస్తాయి. తర్వాత మమ్మల్ని ఎవరికి అప్పజెప్పి పోయావని నిలదీయాలి. మళ్లీ పిలవాలి. చెప్పేది నిజమై ఉండాలి. అబద్ధం కలిపితే రాగం మధ్యలో తెగిపోతుంది. ఇది నా అనుభవం మీద చెబుతున్న మాట.

రెండేళ్ల కింద, పత్తి గూడ మీద, అంటే మొగ్గ మీద ఉన్న రోజుల్లో కరీంనగర్ నుంచి ఒకాయన వచ్చాడు. ముప్పై ఏళ్లుంటాయి. పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడట. దాచుకున్నదంతా పెట్టి ఒక సినిమా తీస్తున్నాడు. మా ఊరు, మా చేను, మా ఆయన ముఖం అతనికి నచ్చాయి. మా వాకిట్లో మంచం మీద కూర్చుని కథ చెప్పాడు.

"ఆకాశంల నుంచి ఒక రాయి పడుతది పెద్దమ్మా. గది మన లోకం రాయి కాదు. మన ఈ కాక పోయి దాన్ని ముడుతడు, సస్తడు. పాడె మీద తీస్కపోతాంటే లేసి కూసుంటడు. కండ్లు పచ్చగ మెరుస్తుంటయ్."

"లేసినంక ఇంటికొస్తడా?" అని అడిగాను.

"ఇంటికే వస్తడు. అందర్ని కరుస్తడు."

"గది ఇప్పుడు సుత చేస్తనే ఉన్నడు గద."

మా ఆయన పకపకా నవ్వాడు. "దీని ముచ్చట ఇడిసిపెట్టు కొడుకా. నాకు మాటలున్నయా సినిమాల?"

"రెండున్నయ్ కాకా. సచ్చినంక ఇగ లేవు."

"సచ్చినంకనన్న జర మాట్లాడే సందు దొరుకుతదనుకున్న గదరా, ఈమె నోరుండంగ నాకేడ దొరుకుతది!"

అట్లా ఒప్పుకున్నాడు. పది రోజులు మా చేన్లో, మా వాడలో తీశారు. డిష్ గిన్నెకు పెళ్లి లైట్లు కట్టి తాడుతో ఊపి ఆకాశ విమానం అన్నారు. ట్రాక్టర్ ట్యూబుకు నల్ల రంగు కొట్టి, దాని మీద సబ్బు నురగ పోసి, అది వేరే లోకం నుంచి వచ్చిన పురుగు అన్నారు. కళ్లు మెరవడానికి టార్చిలైటుకు పచ్చ కాగితం చుట్టారు. ఊరంతా చేతులు కట్టుకుని చూసేది. నవ్వు ఆపుకోలేక నేను కొంగు నోట్లో కుక్కుకునేదాన్ని.

పాడె సీను రోజు మాత్రం మా ఆడబిడ్డకు కోపం వచ్చింది. ఆమె మా ఆయనకు అక్క, మా పక్క వాడలోనే ఉంటుంది. మా ఊళ్లో అందరికీ పాడె కట్టే మనిషే వచ్చి, అవే వెదురు బొంగులతో, అదే గడ్డితో కట్టాడు.

"బతికున్నోన్ని పాడె మీద పండవెడుతరా? మతులు ఉండే చేస్తుండ్రా మీరు?" అంది.

"సినిమాలల్ల రోజుకొకడు సస్తడక్కా. సచ్చి లేసి చాయ తాగుతడు," అన్నాడు మా ఆయన.

"గాళ్లు సస్తే సావనీ. నువ్వెందుకురా?"

చివరికి పెద్దమనుషులు ఒక దారి చెప్పారు. పాడె మీది నుంచి లేవగానే పసుపు నీళ్లతో స్నానం చేసి, గడప ముందర కొబ్బరికాయ కొట్టి, వేరే బట్టలు కట్టుకొని లోపలికి రావాలి. మా ఆయన సరేనన్నాడు. చెప్పినట్టే చేశాడు కూడా. కానీ పెండ్లాం ఏడవడం గురించి ఆ రోజు ఎవరూ ఏ దారీ చెప్పలేదు. నేను ఏడుస్తానని ఎవరు అనుకున్నారు?

మా ఆయన పెండ్లాంగా వేయడానికి కరీంనగర్ నుంచి ఒకామెను తెచ్చారు. ఆమె కొంగు ముఖానికి అడ్డం పెట్టుకుని ఊఁ ఊఁ అంటూ భుజాలు ఊపింది. చుట్టూ ఉన్న మా ఆడవాళ్లకు నవ్వు ఆగలేదు. మళ్లీ తీశారు, మళ్లీ నవ్వారు. సినిమా ఆయన ముఖం మాడిపోయింది. అప్పుడు గుంపులో ఎవరో నన్ను చూపించారు. అతను వచ్చి బతిమాలాడు. నేను రెండుసార్లు కాదన్నాను. ఊరందరికీ ఏడ్చిన నోరే, అయినా సొంత మొగుడు కళ్ల ముందు బతికుండగా ఎట్లా లేస్తుంది?

పాడె మీది నుంచి మా ఆయన తల ఎత్తి చూశాడు.

"ఏడ్వవే. ఊరందరికి ఏడుస్తివి. నేను పోయినంక నాకెట్ల ఏడుస్తవో నేనినద్దా? అప్పుడైతే ఇననాయె."

ఆ మాటకు నేను కూర్చున్నాను.

కూర్చున్నాక ఇంకేముంది, నాకు తెలిసింది ఒక్కటే పద్ధతి. నిజం చెప్పాలి. పిలిచాను. ఆయన చేసిన పనులు చెప్పాను.

"ఓ నా పెనిమిటో... జొన్న గట్క ముద్ద నాకు తోసి కుండల కలి నీళ్లు నువ్వు తాగితివో... గోదారి పొంగినాడు కాన్పు నొప్పులల్ల నన్ను భుజానేసుకొని వాగు దాటితివో... జరమొచ్చి నా ఎంటికెలన్ని ఊడిపోతె, మొక్కున్నదని అబద్ధమాడి నువ్వు సుత గుండు గొట్టించుకొంటివో... ఇప్పుడు నన్నెవలకప్పజెప్పి పోతివో నా అయ్యా..."

గుండు ముచ్చట మా ఇద్దరికి తప్ప లోకంలో ఎవరికీ తెలియదు. పెళ్లయిన రెండో ఏడు. నా బోడి తల చూసి వాడలో పిల్లలు నవ్వుతున్నారని ఆయన కూడా గుండు కొట్టించుకొని వచ్చి, దేవుడి మొక్కు అని అందరికీ చెప్పాడు. దాన్ని కెమెరా ముందు చెప్పేశాను. ఎంతసేపు ఏడ్చానో నాకు తెలియదు. సినిమా ఆయన ఆపమనడం మర్చిపోయాడు. కరీంనగర్ నుంచి వచ్చినామె ఒక మూలకు పోయి ముక్కు తుడుచుకుంటోంది.

ఆయన లేచి స్నానం చేసి, కొబ్బరికాయ కొట్టి, చాయ తాగాడు. పొద్దుగూకి అన్నం పెట్టేటప్పుడు అడిగాడు.

"గుండు ముచ్చట ఎందుకు చెప్పినవే ఊరందరి ముందట?"

"సచ్చినోనికి సిగ్గేంది?" అన్నాను నేను.

నాలుగు నెలలకు ఆయన పోయాడు. పత్తి అమ్మడానికి ట్రాక్టర్ మీద పోయి, లైన్లో వంతు కోసం కూర్చుని, కూర్చున్నచోటే పక్కకు ఒరిగాడట. నొప్పి అన్నాడట, నీళ్లు అడిగాడట. నీళ్లు తెచ్చేసరికి లేడు.

ఇంటి ముందర పండబెట్టారు. ఊరంతా వచ్చింది. నేను పోయి తల దగ్గర కూర్చున్నాను. అందరూ నా నోటి వైపే చూస్తున్నారు. నోరు తెరిచాను. పెనిమిటో అని పిలుద్దామంటే అది నేను అప్పుడే పిలిచిన పిలుపు. గట్క అందామంటే చెప్పేశాను. గోదారి అందామంటే చెప్పేశాను. గుండు కూడా చెప్పేశాను. ముప్పై రెండేళ్ల కాపురం, ఇంకా ఎన్ని లేవు? అయినా ఆ రోజు ఏది పట్టుకున్నా కెమెరా ముందు కూర్చున్నట్టే అనిపించింది. నిజం ఏడుపు కూడా అబద్ధంలాగే గొంతులోకి వచ్చి అక్కడే ఆగిపోయింది. నోరు తెరిచినది తెరిచినట్టే ఉంది. కళ్లలోంచి నీళ్లు కూడా రాలేదు.

చివరికి మా ఆడబిడ్డ అందుకుంది. శోకంలోనే నన్ను ఎత్తిపొడిచింది. మా వైపు ఆడవాళ్లకు అది అలవాటే. ఎదురుగా అనలేని మాటను చచ్చినవాళ్లకు చెబుతున్నట్టు అంటారు.

"బతికుండంగనే నిన్నేడ్సిరి గదరో నా తమ్ముడా... పాడె మీద నిన్ను పండవెట్టి రాగం దీసిరి గదరో... ఇయ్యాల నోరు రాకపాయె గదరో ఆ నోటికి..."

అందరూ నన్ను చూశారు. ఆమె అన్నదాంట్లో అబద్ధం ఏముంది?

సినిమా ఆయన దినాలకు వచ్చి మా ఆయన ఫొటోకు దండ వేశాడు. ఏడ్చాడు కూడా. ఇంకో రెండు నెలలకు సినిమా తయారైంది. టాకీసుల్లో ఎవరూ తీసుకోలేదు, అందుకే నెట్‌లో పెట్టాడు. నా బిడ్డను హుజూరాబాద్ ఇచ్చాను. ఆమె నాకు తోడుగా ఉండడానికి వచ్చిన వారంలోనే అది ఫోన్లోకి వచ్చింది. ఇద్దరం కూర్చుని చూశాం. ఆయన చేన్లో నడిచి వస్తుంటే ముఖం మీద చేతులు పెట్టుకున్నాను. పాడె సీను వచ్చేసరికి బయటికి పోయాను. నా ఏడుపు వాకిట్లోకి వినిపించింది. చెవులు మూసుకున్నాను.

సినిమా కింద చూసినవాళ్లు తమ అభిప్రాయాలు రాస్తారని నాకు అప్పుడే తెలిసింది. నా బిడ్డ చదివి వినిపించేది.

"ఒకడు రాసిండు అవ్వా. 'ఆకాశ విమానం మా ఇంటి మీది డిష్ లెక్కనే ఉన్నది, ఛానళ్లు సుత వస్తయా?' అంట."

"డిష్షే గదనే. తప్పేమన్నడు?"

"ఇంకొకడు, 'గంటన్నర కూసోని సూసిన, గా టైంల అర్ధెకరం కలుపు తీస్తుంటి' అంట. ఇంకొకడు, 'పైసల్లేకున్నా మంచిగ తీసినవ్ అన్నా, పురుగును జూసి మా చెల్లె జడుసుకున్నది' అని పెట్టిండు."

"ట్యూబును జూసి జడుసుకున్నదా? పాపం."

అట్లా మొదట్లో మేమిద్దరం నవ్వుకున్నాం కూడా. తర్వాత వచ్చినవి ఎక్కువగా నా గురించే. దయ్యం కంటే ఆ ముసలామె ఏడుపుకే గుబులైందని ఒకరు. ఆమెకు బహుమతి ఇవ్వాలని ఒకరు. అతి చేసిందని ఒకరు. మా అమ్మమ్మ పోయిన రోజు గుర్తొచ్చిందని ఎవరో ఆంధ్ర వైపు ఆమె రాసింది. ఆ మాట మంచిదే అయినా నాకు మింగుడు పడలేదు. ఆమెకు గుర్తొచ్చింది, నాకేమో నా మొగుడి శవం దగ్గర ఏదీ గుర్తు రాలేదు.

ఇంకొన్నాళ్లకు ఎవరో నా ఏడుపును సినిమా నుంచి కోసి తీశారు. క్రికెట్‌లో మనవాళ్లు ఓడితే దాని మీద నా ఏడుపు. కోడికూర ధర పెరిగితే నా ఏడుపు. పరీక్ష తప్పితే నా ఏడుపు. 'నన్నెవలకప్పజెప్పి పోతివో' అని ఒకడు తన మోటారు బండిని పోలీసులు పట్టుకుపోతుంటే పెట్టుకున్నాడట. నా బిడ్డ ఇవన్నీ నాకు ముందు చెప్పలేదు. వాళ్ల అత్తగారి ఊళ్లో ఒక పెళ్లికి పోతే, అన్నాల దగ్గర పిల్లలు ఫోన్లో నా ఏడుపు ఒకరికొకరు పెట్టుకుని నవ్వుతున్నారు. నేను అక్కడే విస్తరి ముందు కూర్చుని ఉన్నాను. నేనే అది అని వాళ్లకు తెలియదు.

"నవ్వద్దని రాయవే," అన్నాను నా బిడ్డతో. "గా సచ్చినాయన నిజంగనే సచ్చిండని రాయి. నేను ఆయన పెండ్లాన్నని రాయి. తెలిస్తే నవ్వరు."

"రాస్తే ఇంకెక్కువైతది అవ్వా. నీకు తెల్వదు."

"మనుషులు గారా వాళ్లు? రాయి."

రాసింది. తెల్లారేసరికి దాని కింద వందల మాటలు. కొందరు అయ్యో అన్నారు. ఎక్కువ మంది మాత్రం, నిజమా అని ఒకరు, సినిమా నడవడానికి ఆడుతున్న నాటకమని ఒకరు, అందుకే బతికున్నవాళ్లను పాడె మీద పెట్టొద్దంటారని ఒకరు. సినిమాకు శాపం ఉందన్నారు. చూస్తే మనకూ ఏమన్నా అవుతుందా అని అడిగారు. అంతకుముందు చూడనివాళ్లు కూడా అది తెలుసుకోవడానికి చూశారు. ఫోన్లు పట్టుకుని ఇద్దరు మా ఇంటి దాకా వచ్చి, పాడె ఎక్కడ పెట్టారో చూపించమన్నారు. మా ఆడబిడ్డ చీపురు తీసుకుంటే పోయారు. పోతూ పోతూ ఆ చీపురును కూడా వీడియో తీసుకున్నారు.

"నువ్వు రాయమంటెనే రాసిన," అంది నా బిడ్డ. నా నోటితో నేను చేసుకున్నవే అన్నీ.

ఇదంతా ఓర్చుకున్నాను. ఓర్చుకోలేనిది ఒకటి జరిగింది. మా వెనక వాడలో ఒక ముసలామె పోయింది. నాకంటే పెద్దది, నాకు మొదటి కాన్పులో నెల రోజులు నీళ్లు పోసింది. ఈమెకన్నా ఏడవగలిగితే నా గొంతు తెరుచుకుంటుందేమో, అది తెరుచుకుంటే నా మొగుడికి కూడా ఏడవగలనేమో అనుకుంటూ పోయాను. కాళ్ల దగ్గర కూర్చుని "ఓ నా అత్తో" అని మొదలుపెట్టాను. నిజంగానే గొంతు లేచింది. అప్పుడు వెనక నుంచి ఎవరో నవ్వారు. ఆపుకోలేక వచ్చిన నవ్వు అది, వాళ్లను కూడా తప్పుపట్టలేను. ఇంకొకరికి అంటుకుంది. శవం ముందు నవ్వులు. ఆమె కొడుకు వచ్చి నా భుజం పట్టుకున్నాడు.

"వదినా, ఏమనుకోకు. నువ్వు జర బయట కూసో."

బయటికి వచ్చి వాళ్ల బర్రెల కొట్టం పక్కన నిలబడ్డాను. ఆ రోజే నిర్ణయించుకున్నాను. ఆ ఏడుపు లోకంలో ఉన్నన్ని రోజులు నా నోట్లో ఇంకో ఏడుపు పుట్టదు. దాన్ని తీసేయించాలి. యాడాది దగ్గరికి వస్తోంది. ఏడు తిరిగిన రోజన్నా నా మొగుడికి నేను నోరారా ఏడవాలి.

నేనూ నా బిడ్డా కరీంనగర్ పోయాం. బస్టాండుకు దగ్గరలోనే, ఫ్లెక్సీలు కొట్టే దుకాణం మీద చిన్న గది. సినిమా ఆయన మమ్మల్ని చూసి లేచి నిలబడ్డాడు, కుర్చీలు తుడిచాడు, చాయ తెప్పించాడు. నేను వచ్చిన పని చెప్పాను. అతను అంతా విని తల వంచుకున్నాడు.

"నీ కాళ్లు మొక్కుత పెద్దమ్మా, నేను గిట్లయితదనుకోలే. ఇప్పుడే తీసేస్త. కానీ ఒక్క మాట చెప్పాలె. నేను తీసేసేది నా సినిమా. కోసుకపోయి పెట్టుకున్నోళ్లది నా చేతిల లేదు. ఎవల ఫోన్ల ఎంతుందో ఎవలకు తెలుసు?"

"నీ చేతిల ఉన్నదన్న తియ్యి బిడ్డా."

కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. పైసలు కూడబెట్టిన రోజులతో కలిపి ఆ సినిమా మీద అతను మూడేళ్లు పెట్టాడు. కింద రాసినవి పైకీ కిందికీ జరుపుతూ, తనలో తాను చదువుకుంటూ కూర్చున్నాడు. ఒక చోట ముఖం చిట్లించాడు.

"ఏమని ఉన్నది?" అని అడిగాను.

"ఏం లేదు పెద్దమ్మా. నేను చేసిన తప్పే. 'శవం కడుపు లేస్తుంది దిగుతుంది, ఊపిరి పట్టుకోరాదా పెద్దమనిషీ' అని రాసిండ్రు. ఒక్కరు కాదు, శానమంది నవ్విండ్రు దీనికి. కాకకు చెప్పిన నేను, ఊపిరి బిగవట్టుమని. నువ్వు ఏడుస్తాంటే ఆయనతోని కాలే. ఇంకోసారి తీసుడు నాకు మనసు రాలే."

నాకు వెంటనే అర్థం కాలేదు. శోకం పెట్టేటప్పుడు నేను కళ్లు మూసుకుంటాను. ఆ రోజు నేను ఆయన్ను చూడలేదు. ఫోన్లో వచ్చినప్పుడూ ఆ సీను చూడలేదు.

"సూపియ్యి," అన్నాను.

"వద్దు పెద్దమ్మా, మల్ల బాధైతది."

"సూపియ్యి బిడ్డా."

పెట్టాడు. పెద్ద తెర. నేను తల దగ్గర కూర్చుని కళ్లు మూసుకుని ఊగుతున్నాను. నన్ను నేను చూసుకోలేదు. ఆయన మీద తెల్లగుడ్డ కప్పి ఉంది, దాని మీద బంతిపూలు. గట్క మాటకు పూలు కొద్దిగా లేచాయి, దిగాయి. గోదారి మాటకు ఇంకొంచెం లేచాయి. గుండు మాట దగ్గర ఒక పెద్ద ఊపిరి ఎగిసింది. ఒక పువ్వు జారి గడ్డిలో పడింది. మూసిన కళ్ల కింద గడ్డం వణికింది. అది నవ్వో ఏడుపో నాకు తెలియదు. ముప్పై రెండేళ్లు పక్కన పడుకున్నదాన్ని, నాకే తెలియలేదు.

"మల్ల పెట్టు," అన్నాను. మళ్లీ పెట్టాడు. నా బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"నా ఏడుపు తీసేసి ఈయన్ను ఒక్కన్ని ఉంచుతవా?"

"సప్పుడు తీసేస్త సూడు," అని సప్పుడు ఆపి పెట్టాడు. పూలు లేచాయి, దిగాయి. కానీ ఏ మాటకు లేచాయో తెలియడం లేదు. గోదారిదో గుండుదో తెలియడం లేదు. ఎండకు పండుకున్న మనిషిలా ఉన్నాడు. నా మాట లేకపోతే ఆయన ఊపిరికి లెక్కే లేదు. ఏ ఏడుపునైతే లోకం నుంచి తీసేయించాలని పోయానో, ఆయన విన్నది అదే.

"ఏం చెయ్యమంటవ్ పెద్దమ్మా? నువ్వు ఊఁ అంటే ఇప్పుడే తీస్త."

నా బిడ్డ నన్ను చూసింది. నేను కంప్యూటర్ వైపు చూస్తూ కూర్చున్నాను. చాయ మీద మీగడ కట్టింది.

"ఉండనీ," అన్నాను.

మెట్లు దిగుతుంటే నా బిడ్డకు కోపం వచ్చింది. "గింతదూరం గిందుకేనా వచ్చింది? రేపు మల్ల నవ్వుతరు. నవ్వితే మల్ల నా మీద పడుతవ్."

"నవ్వుతరే. నేనేం జేద్దు?"

యాడాదికి చుట్టాలు వచ్చారు. కాగజ్‌నగర్ వైపు నుంచి మా ఆయన పెద్దమ్మ కూతురు కూడా వచ్చింది, డెబ్బై ఐదేళ్లుంటాయి, కళ్లు సరిగా కనిపించవు, చెవులు మాత్రం వినిపిస్తాయి. ఆయనకు ఇష్టమైనవన్నీ వండి ఫొటో ముందు పెట్టాం. నేను కూర్చున్నాను. అందరూ నా కోసం ఆగారు. నోరు తెరిచాను. ఏమీ రాలేదు. లేచి లోపలి అర్రలోకి పోయి తలుపు దగ్గరికి వేసుకున్నాను.

నా వెనకే మా ఆడబిడ్డ వచ్చింది. మళ్లీ ఏదో అంటుందనుకున్నాను.

"కరీంనగర్ ముచ్చట నీ బిడ్డ చెప్పింది. తమ్ముడు ఊపిరి తీస్తడట గద, నాకు సుత సూపియ్యవే," అంది.

నా బిడ్డను పిలిచి ఫోన్లో పెట్టించాను. ఇద్దరం చాప మీద కూర్చుని చూశాం. మా ఆడబిడ్డ వేలితో తెర మీద ఆ పూలను ముట్టుకుంటూ, పూలు లేచినప్పుడల్లా "అగో, అగో" అంటోంది. రాగం తీయకుండా ఊరికే ఏడుస్తోంది. ఫోన్లో నేను ఏడుస్తున్నాను. నా కళ్లు మాత్రం పొడిగా ఉన్నాయి.

"కింద ఏం రాసిండ్రే?" అని నా బిడ్డను అడిగింది.

నా బిడ్డ కొంచెంసేపు చూసింది. "మంచిగనే రాసిండ్రు అత్తమ్మా," అంది.

మేము బయటికి వచ్చేసరికి కాగజ్‌నగర్ ఆమె గోడకు ఆనుకుని కళ్లు తుడుచుకుంటోంది. నా చెయ్యి వెతుక్కుని పట్టుకుంది.

"ఏడ్సినవా బిడ్డా? ఇన్న నేను. ఎంత మంచిగ ఏడ్సినవే. యాడాది కడుపుల పెట్టుకొని ఉంటివి. గుండు గొట్టించుకున్న ముచ్చట నాకు తెల్వనే తెల్వది. ఇగ వానికి శాంతైతది, నీకు సుత."

వాకిట్లో అందరూ విన్నారు. కొందరికి అది ఫోన్ అని తెలుసు, తలలు దించుకున్నారు. నేను మా ఆడబిడ్డ వైపు చూశాను. ఆమె చెబుతుందనుకున్నాను. విస్తళ్లు తీసుకుని వడ్డించడానికి పోయింది.

"ఔ," అన్నాను నేను. ముసలామె నా చెయ్యి వదల్లేదు. అన్నం తినేదాకా అట్లా పట్టుకునే ఉంది.